కడబంతి

మా అమ్మమ్మ ఏ పెళ్ళికి వెళ్ళినా భోజనాల దగ్గర ఒక సామెత తప్పకుండా అంటుంది. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు" అని. కడబంతి అంటే చివరి వరస. వడ్డించేవాడికి మన మీద అభిమానం ఉంటే, ఎంత చివర కూర్చున్నా గారెలు మన విస్తరి దాకా వస్తాయని అర్థం. ఈ సామెతను అందరూ సిఫారసుల గురించి వాడతారు. నాకు మాత్రం అది రగ్బీ మైదానంలో గుర్తొచ్చింది. గుర్తొచ్చి సిగ్గేసింది. ఎందుకంటే ఆ రోజు వడ్డించాల్సింది నేనే. కడబంతిలో ఉన్న అమ్మాయికి నేను వడ్డించలేదు.

ఆ సంగతి చెప్పాలంటే ముందు నా ఆట గురించి చెప్పాలి.

మా బరంపురంలో రగ్బీ అంటే ఇప్పటికీ కొందరు "ఆ కోడిగుడ్డు బంతి ఆటేనా?" అని నవ్వుతారు. కానీ ఒడిశాకు ఈ ఆట కొత్తది కాదు. మన రాష్ట్రం నుంచి చాలామంది అమ్మాయిలు భారత జట్టులో ఆడారు. మేము ఆడేది సెవెన్స్. ఒక్కో జట్టులో ఏడుగురు, ఒక్కో సగం ఏడు నిమిషాలు. ఎనిమిదో తరగతిలో ఉండగా మా పి.ఇ.టి. సార్ నన్ను హాఫ్‌గా పెట్టారు. అందుకు కారణం నా తెలివి కాదు, నా ఎత్తు. "పొట్టిదానివి, కింద నుంచి బంతి తీసి గబుక్కున ఇవ్వడం నీకు సులువమ్మా" అన్నారు. ముందుండి ఢీకొనే బలమైన వాళ్ళకీ, వెనక నుంచి పరిగెత్తే వేగమైన వాళ్ళకీ మధ్యలో ఉండే మనిషి హాఫ్. బంతి ఎక్కువసార్లు ఆ చేతుల మీదుగానే పోతుంది.

కిందటి ఏడాది మా ప్రాంతం జట్టు కోసం ఎంపిక మ్యాచ్‌లు పెట్టారు. నాలుగైదు బడుల పిల్లల్ని కలిపి జట్లు చేశారు. మా జట్టులో తెలుగు మాట్లాడేవాళ్ళం ముగ్గురం, ఒడియా వాళ్ళు నలుగురు. ఎడమ అంచున వింగర్‌గా ఒక ఒడియా అమ్మాయి ఉంది. మనిషి సన్నగా ఉంటుంది, కానీ పరుగు మొదలుపెడితే ఎవరికీ అందదు.

చివరి నిమిషం. మేము 10, వాళ్ళు 12. సెవెన్స్‌లో ట్రై అంటే ఐదు పాయింట్లు. అంటే ఒక్క ట్రై చేస్తే మాదే గెలుపు. గోల్‌లైన్ పది అడుగులు వేస్తే వచ్చేస్తుంది. బంతి నా చేతిలో ఉంది. నా ముందు ఒక్క డిఫెండరే ఉంది. ఎడమ పక్క మా వింగర్ ఒక్కతే, ఆమె చుట్టూ ఎవరూ లేరు. "బాఁ! బాఁ!" అని అరుస్తోంది. ఒడియాలో బాఁ అంటే ఎడమ.

నేను ఇవ్వలేదు. ఇస్తున్నట్టు చేతులు ఊపి, నేనే దూరబోయాను. ఎదురుగా ఉన్న అమ్మాయి మోసపోలేదు. నడుం పట్టుకుంది. వెనక నుంచి ఇంకో అమ్మాయి వచ్చి పడింది. బంతి నా చేతిలోంచి ముందుకు జారిపోయింది. ఈల మోగింది. ఆట అయిపోయింది.

ఓడిపోవడం గురించి కాదు నేను రాసేది. ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం.

వేపచెట్టు కింద నీళ్ళు తాగుతుంటే సార్ అడిగారు. "ఎడమ పక్క ఖాళీగా ఉంది కదమ్మా, ఎందుకివ్వలేదు?" నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది. "ఆ అమ్మాయి ఏమంటోందో నాకు అర్థం కాలేదు సార్. ఒడియాలో అరిచింది."

అది అబద్ధం. నేను పుట్టింది బరంపురంలో. కూరగాయలు బేరమాడేది ఒడియాలో, ఆటో మాట్లాడేది ఒడియాలో. ఎడమ అన్నా, బాఁ అన్నా నాకు ఒకటే. కానీ తెలుగు బడి పిల్లను కాబట్టి అందరూ నమ్మేశారు. వాళ్ళ బడి మేడమ్ ఆ అమ్మాయిని పిలిచి, అందరికీ అర్థమయ్యేలా స్పష్టంగా పిలవాలని చెప్పారు. ఆ అమ్మాయి నా వైపు ఒకసారి చూసి తల ఊపింది. ఏమీ అనలేదు. సాయంత్రం జాబితా చదివారు. శిక్షణకు ఎంపికైన వాళ్ళలో నా పేరు ఉంది. ఆమె పేరు స్టాండ్‌బైలో ఉంది.

ఇంట్లో అందరూ సంతోషించారు. మా పెద్దమ్మ కొడుకు సిడ్నీలో చదువుకుంటున్నాడు. ఆ రాత్రి ఫోన్ చేసి, "హాఫ్‌గా ఎంపికయ్యావు కదా చెల్లీ, ఇకనైనా నేను పంపిన మ్యాచ్‌లు పూర్తిగా చూడు" అన్నాడు. అంతకుముందు కూడా అన్నయ్య పంపేవాడు. నేను ట్రైలు మాత్రమే చూసి ఆపేసేదాన్ని. ఈసారి నిద్ర పట్టక పూర్తిగా చూశాను.

అవి రగ్బీ లీగ్ మ్యాచ్‌లు. లీగ్ వేరు, మేము ఆడే యూనియన్ పద్ధతి వేరు. 1895లో ఇంగ్లాండులోని హడర్స్‌ఫీల్డ్‌లో ఉత్తర ప్రాంతపు క్లబ్బులు సమావేశమై పాత సంఘం నుంచి విడిపోయాయి. ఆట కోసం పని మానుకున్న కార్మికులకు పోయిన కూలి డబ్బులు ఇవ్వాలా వద్దా అన్నదే ప్రధానమైన గొడవ. అలా పుట్టిన ఆట తర్వాత ఆస్ట్రేలియాలోని సిడ్నీ, బ్రిస్బేన్ వైపు బాగా పాతుకుపోయింది. అందులో జట్టుకు పదమూడు మంది. ట్రైకి నాలుగు పాయింట్లు. బంతి పట్టుకున్న మనిషిని పడగొడితే అక్కడ బంతి కోసం పెనుగులాట ఉండదు. లేచి, బంతిని కాలితో వెనక్కి తన్ని, ఆట మళ్ళీ మొదలుపెడతారు. ఎదుటి జట్టు పది మీటర్లు వెనక్కి పోవాలి. ఇలా ఆరుసార్లు. ఆరో ట్యాకిల్ అయితే బంతి ఎదుటి జట్టుకు ఇచ్చేయాలి. అందుకే ఐదు అయ్యాక ఎక్కువగా బంతిని తన్నేస్తారు.

ఈ లెక్క వల్ల లీగ్‌లో హాఫ్‌కు ఒక సౌకర్యం ఉంది. తర్వాతి బంతి కూడా మనదేనని ముందే తెలుసు. కాబట్టి రెండు మూడు ట్యాకిళ్ళ ముందుకు ఆలోచించవచ్చు. సౌకర్యంతో పాటు బాధ్యత కూడా ఉంది. ఆ ఆరు అవకాశాలు ఎక్కడ ఖర్చు పెట్టాలో చెప్పాల్సింది హాఫే.

లీగ్‌లో హాఫ్‌లు ఇద్దరు. ఏడో నంబరు హాఫ్‌బ్యాక్, ఆరో నంబరు ఫైవ్-ఎయిత్. ఇంగ్లాండులో ఆరో నంబరును స్టాండ్-ఆఫ్ అంటారు. మామూలుగా ఏడో నంబరు ఇంటి పెద్దలాంటి వాడు. ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్తాడు, ఎక్కువగా బంతి తన్నేది అతనే. ఆరో నంబరు సందు దొరికితే దూరేవాడు. కొన్ని జట్లలో ఒకరు ఎడమ పక్క, ఒకరు కుడి పక్క పంచుకుంటారు. కొన్ని జట్లలో ఏడో నంబరు బంతి ఎటు పోతే అటు పోతాడు.

మొదట్లో నాకు ముందు ట్యాకిళ్ళు విసుగ్గా ఉండేవి. లావుపాటి ఫార్వర్డ్‌లు ఊరికే పోయి ఢీకొని పడిపోతున్నట్టు అనిపించేది. జాగ్రత్తగా చూస్తే తెలిసింది, వాళ్ళు ఊరికే పడటం లేదు. హాఫ్ వేలు చూపించిన చోట పడుతున్నారు. బంతి ఎడమ అంచుకు దగ్గరగా ఆగిందనుకోండి, అప్పుడు కుడి పక్క మైదానమంతా ఖాళీ. దాన్ని కాయడానికి డిఫెండర్లు అటు పరుచుకోవాలి. హాఫ్ అప్పుడు మనుషుల్ని లెక్కపెడతాడు. అటు ఎక్కువమంది పోయి, ఎడమ వైపు ఇరుకు భాగంలో ఇద్దరే మిగిలితే, మనవాళ్ళు ముగ్గురుంటే, అందరూ కుడికి వస్తుందనుకునే బంతిని ఎడమకు తిప్పేస్తాడు. చూసేవాళ్ళకు అది మెరుపులా ఉంటుంది. నిజానికి అది కూడికలూ తీసివేతలూ.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి ఉంది. హాఫ్ బంతి అందుకుని డిఫెండర్ల గోడ వైపు పరిగెత్తుతాడు. అతని పక్క నుంచి ఒక బలమైన ఆటగాడు గోడలోకి దూసుకెళ్తాడు. ఆ ఆటగాడి వెనక నుంచి ఫుల్‌బ్యాక్ వంపు తిరిగి వస్తాడు. ఇప్పుడు హాఫ్ చేతిలో మూడు దారులు. డిఫెండర్ వెనక వచ్చేవాడి కోసం బయటికి జరిగితే, ముందు పోయేవాడికి చిన్న పాస్. డిఫెండర్ ముందు పోయేవాణ్ణి పట్టుకోబోతే, వెనక వచ్చేవాడికి పాస్. ఇద్దరి మీదా కళ్ళు పెట్టుకుని హాఫ్‌ను వదిలేస్తే, ఆ సందులో తనే పోతాడు.

అన్నయ్య ఇక్కడ ఒక మాట చెప్పాడు. "పాస్ ఎప్పుడిస్తున్నాడో కాదు చూడాల్సింది. ఎంత దగ్గరికి వెళ్ళి ఇస్తున్నాడో చూడు." మంచి హాఫ్ దూరం నుంచి బంతి విసిరేయడు. డిఫెండర్ ఊపిరి తగిలేంత దగ్గరికి పోతాడు. ఆ డిఫెండర్ భుజం, కాలు తన వైపు తిరిగాక బంతి వదులుతాడు. వదిలాక దెబ్బ తను తింటాడు. అవతల ట్రై చేసినవాడి చుట్టూ అందరూ ఎగురుతుంటే హాఫ్ ఇంకా నేల మీదే ఉంటాడు. చెడుగుడులో కూతకు వెళ్ళినవాడు ఒక మూలకు పోతున్నట్టు నటించి ఇంకో మూల తాకి రావడం మనకు తెలుసు. కానీ అక్కడ పాయింటు కూత పెట్టినవాడిదే. ఇక్కడ నటించేది ఒకరు, పాయింటు ఇంకొకరిది.

నేను చేసిన పొరపాటు నాకు అప్పుడు అర్థమైంది. నేను నాలుగు గజాల దూరంలోనే చేతులు ఊపేశాను. ఆ అమ్మాయికి చూసుకోవడానికి బోలెడు సమయం ఇచ్చాను. కానీ అది ఆటలో పొరపాటు మాత్రమే. రెండో పొరపాటు సంగతి ఇంకో మ్యాచ్ చూశాక తెలిసింది.

అది 2015 ఫైనల్. నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్‌కీ బ్రిస్బేన్ బ్రాంకోస్‌కీ మధ్య. కౌబాయ్స్ అప్పటిదాకా ఒక్కసారి కూడా ట్రోఫీ గెలవలేదు. చివరి క్షణాల్లో 16–12తో వెనకబడి ఉన్నారు. బంతి కుడి అంచు వైపు పోయింది. ఆరో నంబరు మైకేల్ మోర్గాన్ చేతికి వచ్చింది. అతను డిఫెండర్లను తన మీదకు లాక్కుని, వాళ్ళు పట్టుకుంటున్నా సరే, అంచున ఉన్న వింగర్ కైల్ ఫెల్ట్‌కు బంతి అందించాడు. ఫెల్ట్ మూలలో ట్రై చేశాడు. 16–16. కడబంతికి వడ్డన అంటే అదీ.

ఇంకా అయిపోలేదు. ఏడో నంబరు జోనాథన్ థర్‌స్టన్ అంచు నుంచి గోల్‌కు తన్నాడు. లోపలికి పోతే అక్కడే గెలుపు. బంతి స్తంభానికి తగిలి బయటికి పోయింది. అదనపు సమయం. ముందు ఎవరు పాయింటు చేస్తే వాళ్ళదే. మొదటి తన్నుకే బ్రిస్బేన్ హాఫ్‌బ్యాక్ బెన్ హంట్ బంతిని పట్టలేక జారవిడిచాడు. కాసేపటికి థర్‌స్టన్ డ్రాప్ గోల్ తన్నాడు. 17–16.

అందరూ థర్‌స్టన్‌ను చూస్తారు. నేను బెన్ హంట్‌ను చూస్తూ ఉండిపోయాను. అంతమంది ముందు బంతి జారింది. ఎవరి మీదా తొయ్యడానికి లేదు. తనూ హాఫే, నేనూ హాఫే. నాకు మాత్రం తొయ్యడానికి ఒక అమ్మాయి దొరికింది. హంట్ ఆ తర్వాత ఆట మానలేదు. 2022 జులైలో క్వీన్స్‌లాండ్ తరఫున స్టేట్ ఆఫ్ ఆరిజిన్ చివరి మ్యాచ్‌లో, ఎదుటివాళ్ళు తన్నిన బంతిని అందుకుని మైదానం పొడుగునా పరిగెత్తి ట్రై చేశాడు. ఆ మ్యాచ్ 22–12తో వాళ్ళదే. ఆ పరుగుకు మధ్య ఏడేళ్ళు పట్టింది.

కానీ నా మనసు ఊరుకోదు కదా. ఇంకో సాకు వెతికింది. 2023 ఫైనల్ ఉంది. పెన్రిత్ పాంథర్స్, మళ్ళీ బ్రిస్బేన్. బ్రిస్బేన్ ఆరో నంబరు ఎజ్రా మామ్ రెండో సగంలో వరసగా మూడు ట్రైలు చేశాడు. 24–8. పెన్రిత్ పని అయిపోయిందనుకున్నారు. వాళ్ళ ఆరో నంబరు జెరోమ్ లూవాయ్ భుజం దెబ్బతో బయటికి పోయాడు. మిగిలిన హాఫ్ నేథన్ క్లియరీ. చివరి ఇరవై నిమిషాల్లో అతను జట్టును లాక్కొచ్చాడు. ఒకసారి 40/20 తన్నాడు. అంటే తన నలభై మీటర్ల గీత వెనక నుంచి తన్నిన బంతి మైదానంలో ఒకసారి నేలను తాకి, ఎదుటివాళ్ళ ఇరవై మీటర్ల లోపల అంచు దాటాలి. అలా పోతే బంతి మళ్ళీ మనకే. చివరికి మూడు నాలుగు నిమిషాలు ఉందనగా అతను ఎవరికీ పాస్ ఇవ్వకుండా తనే దూసుకెళ్ళి ట్రై చేశాడు. 26–24.

"చూశావా అన్నయ్యా, క్లియరీ కూడా ఇవ్వలేదు. తనే పోయాడు. అది తెలివి, నాది తప్పా?" అని అడిగాను. అన్నయ్య నవ్వలేదు. "అతను పోయే ముందు ఏం చూశాడు? నువ్వు పోయే ముందు ఏం చూశావు?" అన్నాడు.

అన్నయ్యకు నేను ఏమీ చెప్పలేదు. ఇక్కడ చెప్తున్నాను. క్లియరీ డిఫెండర్లను చూశాడు. ఆ రోజంతా పాస్‌లు ఇచ్చాడు, తన్నాడు, కాబట్టి అతను ఏం చేస్తాడో ఎదుటివాళ్ళకు తెలియదు. ఆ క్షణంలో సందు కనపడింది, పోయాడు. నేను బంతి అందగానే చూసింది గోల్‌లైన్‌ను కాదు, డిఫెండర్‌ను కాదు. గట్టు మీద కుర్చీల్లో కాగితాలు పట్టుకుని కూర్చున్న ఎంపిక చేసే వాళ్ళను చూశాను. ట్రై చేస్తే నా పేరు రాసుకుంటారని అనుకున్నాను. ఎవరు పరిగెత్తారన్నది తప్పు కాదు. ఎందుకు పరిగెత్తామన్నదే తప్పు.

స్టాండ్‌బై పిల్లలు కూడా ఆదివారాలు శిక్షణకు రావాలి. రెండు ఆదివారాలు ఆ అమ్మాయి పక్క నుంచి పోయినా నేను మాట్లాడలేదు. మూడో ఆదివారం బూట్లు విప్పుకుంటుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఒడియాలోనే చెప్పాను. "ఆ రోజు నువ్వు అరిచింది నాకు అర్థమైంది. అర్థం కాలేదని అబద్ధం చెప్పాను."

ఆమె లేసు ముడి విప్పుతూనే, "తెలుసు" అంది. "నువ్వు నా వైపు చూశావు కదా."

అంతే. తిట్టి ఉంటే బాగుండేదని అనిపించింది. ఆ తర్వాత ఇద్దరం కలిసి సార్ దగ్గరికి వెళ్ళాం. సార్‌కు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "జాబితా రాసింది నేను కాదమ్మా. రాసినవాళ్ళకు చెప్తాను. ఏం చేస్తారో నా చేతిలో లేదు" అన్నారు. తర్వాత, "ఇంతకీ మైదానంలో మీరు ఏ భాషలో పిలుచుకుంటారో అది తేల్చుకోండి ముందు" అన్నారు.

తేల్చుకున్నాం. హాఫ్ పిలుపు పొట్టిగా ఉండాలి, గాలిలో వినపడాలి. ఒడియాలో కుడిని డాహాణ అంటారు. పరిగెత్తేటప్పుడు అది పొడుగు. ఎడమకు బాఁ అయితే ఒక్క అరుపు. తెలుగులో ఎడమ కంటే కుడి పొట్టి. కాబట్టి మా జట్టులో ఇప్పుడు ఎడమ ఒడియాలో, కుడి తెలుగులో. బయటివాళ్ళు వింటే నవ్వుతారు. మాకు మాత్రం తికమక లేదు. ఎదుటి జట్టుకు కాస్త తికమక ఉంటే అదీ మంచిదే.

ఇది రాస్తున్నప్పటికి తుది జాబితా రాలేదు. ఆమె పేరు ఇంకా స్టాండ్‌బైలోనే ఉంది. నా పేరు ఉంటుందో లేదో కూడా తెలియదు.

మొన్న ఆదివారం సాధనలో అచ్చం ఆ రోజు లాంటి సందర్భమే వచ్చింది. ముందు ఒక్క డిఫెండర్, ఎడమ పక్క ఆమె ఒక్కతే. "బాఁ!" అని వినిపించింది. నేను ఎదురుగా ఉన్న అమ్మాయి చొక్కా గుండీలు కనపడేంత దగ్గరికి పోయాను. ఆమె భుజం నా వైపు తిరిగింది. బంతి వదిలాను. వదిలిన మరుక్షణం ఆమె నన్ను గుద్దింది, వెల్లకిలా పడ్డాను. ట్రై అయిందేమోనని తల ఎత్తి చూస్తే, మా వింగర్ బంతిని పట్టలేక జారవిడిచి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

నేను లేచి మట్టి దులుపుకుంటుంటే ఆమె బంతి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇంకోసారి" అంది, తెలుగులో.